సావిత్రిబాయి: బడి గడప దాటిన పంతులమ్మ

ప్రతి జనవరి 3న మన హాస్టళ్లలో, యూనివర్సిటీ క్యాంపస్‌లలో, సంఘాల ఆఫీసుల్లో సావిత్రిబాయి ఫూలే ఫొటోకి దండ వేస్తాం. తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. సభల్లో మాట్లాడేవాళ్లు దాదాపు అందరూ ఒకే దృశ్యం చెబుతారు. బడికి నడిచి వెళ్తున్న ఒక యువతి మీద మట్టి, పేడ విసురుతున్న మనుషులు, బడికి చేరాక మార్చుకోవడానికి ఆమె వెంట తీసుకెళ్లే రెండో చీర. ఆ దృశ్యం విన్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. అయితే అది ఆమె పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసు నాటి సంగతి. ఆమె 66 ఏళ్లు బతికారు. మిగిలిన జీవితమంతా ఏం చేశారో మన సభల్లో వినిపించేది తక్కువ.

ఆ మిగిలిన జీవితంలో ఆమె చేసిన పనికి ఇవాళ సోషల్ వర్క్ అని పేరు. ఎం.ఎస్.డబ్ల్యూ. క్లాసులు, ఫీల్డ్ వర్క్ డైరీలు లేని కాలంలో ఆమె పిల్లల వెంట నడిచి వాళ్ల ఇళ్లదాకా వెళ్లారు. ఆకలి, పురుడు, నీళ్లు, పెళ్లి, చావు అన్నీ తన బడి పనే అనుకున్నారు. తన దగ్గర చదివినవాళ్లను కూడా ఆ పనిలోనే తయారుచేశారు.

చదువుకుంటూనే చదువు చెప్పారు

సావిత్రిబాయి 1831 జనవరి 3న సతారా జిల్లా నాయ్‌గావ్‌లో మాలీ కులంలో పుట్టారు. మాలీలు పూలతోటలు, కూరగాయలు సాగుచేసే శూద్ర కులం. తండ్రి ఖండోజీ నెవసే పాటిల్. తొమ్మిదేళ్లకే, 1840లో, పుణె వాసి జోతిరావు ఫూలేతో పెళ్లయింది. అప్పటికి జోతిరావుకు పదమూడేళ్లు. అత్తవారింటికి వచ్చేనాటికి ఆమెకు అక్షరం రాదు.

ఆమెకు చదువు చెప్పింది భర్తే. పక్కనే కూర్చుని చదువుకున్న ఇంకో స్త్రీ సగుణాబాయి క్షీరసాగర్. వరసకు జోతిరావుకు అక్క, తల్లి లేని ఆయనను పెంచిన మనిషి. ఇంట్లో నేర్చుకున్నది చాలదని సావిత్రిబాయి అహ్మద్‌నగర్‌లో మిస్ ఫరార్ నడిపిన సంస్థలోనూ, పుణెలోని నార్మల్ స్కూల్లోనూ ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్నారు. చదువు చెప్పడం కూడా నేర్చుకోవాల్సిన పని అని ఆ దంపతులు మొదట్లోనే గుర్తించారు.

1848లో పుణె బుధవార్ పేటలోని భిడే వాడాలో ఆడపిల్లల బడి మొదలైంది. మొదట చేరిన పిల్లలు పదిమంది లోపే. ఊళ్లో ఒత్తిడి పెరిగింది. కొడుకు, కోడలు బడి మానాలి, లేదా ఇల్లు విడవాలి అని జోతిరావు తండ్రి గోవిందరావు తేల్చారు. 1849లో ఇద్దరూ ఇల్లు వదిలారు. వాళ్లకు చోటిచ్చింది ఉస్మాన్ షేక్ అనే ముస్లిం మిత్రుడు. ఆ ఇంటి ఫాతిమా షేక్ సావిత్రిబాయితో కలిసి పనిచేశారు. 1856లో జబ్బుపడి పుట్టింట్లో ఉన్నప్పుడు జోతిరావుకు రాసిన ఉత్తరంలో సావిత్రిబాయి ఫాతిమాను తలచుకున్నారు. తాను లేకపోవడంతో పని భారమంతా ఆమె మీద పడుతుందని బాధపడ్డారు. ఫాతిమా గురించి మనకు మిగిలిన సాక్ష్యాలు తక్కువే. అందుకే ఆ ఒక్క ప్రస్తావనకు అంత విలువ.

పిల్ల బడికి ఎందుకు రాలేదు?

1851 నాటికి పుణెలో వాళ్ల ఆడపిల్లల బడులు మూడయ్యాయి. సుమారు 150 మంది చదువుతున్నారు. మహర్, మాంగ్ పిల్లల కోసం ప్రత్యేకంగా బడులు తెరిచారు. మాంగ్ కులానికి చెందిన మల్లయోధుడు లహుజీ సాళ్వే తన వాడ పిల్లలను బడికి పంపడానికి అండగా నిలబడ్డారు. 1852 నవంబరులో ప్రభుత్వం జోతిరావును విశ్రాంబాగ్ వాడాలో సభ పెట్టి సత్కరించింది.

పేరు వచ్చింది కానీ బడి నడపడం తేలిక కాలేదు. ఇవాళ్టికీ మన వాడల్లో పనిచేసే వాళ్లందరికీ తెలిసిన సమస్యే వాళ్లకూ ఎదురైంది. పిల్ల నాలుగు రోజులు వస్తుంది, ఐదో రోజు రాదు. ఎందుకు రాలేదని ఇంటికెళ్లి అడిగితే చంటిబిడ్డను ఎత్తుకోవాలనో, కూలికి పోవాలనో, ఒంట్లో బాగాలేదనో చెబుతారు. ఫూలే దంపతులు పిల్లలను తిట్టలేదు, తల్లిదండ్రులను నిందించలేదు. బడికి వచ్చే పిల్లలకు కొద్దిపాటి డబ్బు ఇచ్చే ఏర్పాటు చేశారు. కూలి పోతుందన్న భయం ఇంట్లో కొంతైనా తగ్గాలన్నది ఆలోచన. తల్లిదండ్రులను పిలిచి మాట్లాడేవారు. పగలు పనికి వెళ్లే రైతులకు, కూలీలకు 1855లో రాత్రి బడి పెట్టారు. బిడ్డ చదువు నిలవాలంటే ఇంట్లో పెద్దవాళ్లకూ అక్షరం అందాలి కదా.

ఈ బడి ఎలాంటి మనుషులను తయారుచేసిందో చెప్పడానికి ముక్తా సాళ్వే చాలు. మాంగ్ కులపు పిల్ల. ఫూలేల బడిలో సుమారు మూడేళ్లు చదివింది. 1855లో, ఇంకా బాలికగా ఉండగానే, మాంగ్, మహర్ల దుఃఖం గురించి ఆమె రాసిన వ్యాసం మరాఠీ పత్రిక జ్ఞానోదయలో అచ్చయింది. వేదాలు తమవి కావన్నప్పుడు తమ మతం ఏదని ఆ పిల్ల నిలదీసింది. పురిటి నొప్పుల వేళ తమ ఆడవాళ్లకు తల మీద కప్పు కూడా ఉండదని, చలిలో వానలో కనాల్సి వస్తుందని రాసింది. తన ఇంటి బాధను సమాజం ముందు పెట్టి జవాబు అడగడం ఆమె ఆ బడిలో నేర్చుకున్న చదువు.

బడులు చేజారాక

1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్ల దగ్గర్నుంచి వచ్చే విరాళాలు తగ్గిపోయాయి. బడులు నడిపే సంఘంలో అభిప్రాయభేదాలు వచ్చాయి. జోతిరావు ఆ నిర్వహణ నుంచి తప్పుకున్నారు. పదేళ్లు రాళ్లదెబ్బలు కాచి కట్టిన బడులు అలా చేజారాయి. చాలా మంది కార్యకర్తల కథ ఇలాంటి చోటే ముగిసిపోతుంది. సావిత్రిబాయి కథ అక్కడ ముగియలేదు.

ఆ రోజుల్లో కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు కథ పుణెలో సంచలనమైంది. జోతిరావు మిత్రుని ఇంట్లో వంటపని చేసుకుని బతికే ఆమెను ఒక శాస్త్రి లోబరుచుకున్నాడు. గర్భం వచ్చాక వదిలేశాడు. లోకానికి భయపడి ఆమె పుట్టిన బిడ్డను చంపింది. కోర్టు ఆమెకు అండమాన్ ద్వీపాంతర శిక్ష వేసింది. శాస్త్రికి ఏ శిక్షా పడలేదు.

1863లో ఫూలే దంపతులు తమ ఇంట్లోనే బాలహత్యా ప్రతిబంధక గృహం తెరిచారు. వితంతువులు రహస్యంగా వచ్చి కనవచ్చు, బిడ్డను తీసుకెళ్లవచ్చు, వదిలి వెళ్లవచ్చు అని గోడల మీద ప్రకటనలు అంటించారు. వచ్చినవాళ్లకు పురుడు పోసింది, బాలింతకు పథ్యం వండింది, వదిలి వెళ్లిన బిడ్డలను సాకింది సావిత్రిబాయి. ఆమెకు సొంత బిడ్డలు లేరు.

ఇక్కడ మన విద్యార్థులు ఒక ప్రశ్న అడుగుతుంటారు. తమ మీద పేడ వేయించిన కులం ఆడవాళ్ల కోసం ఇంత చాకిరీ ఎందుకు? శూద్ర, అతిశూద్ర కులాల్లో చాలాచోట్ల మారుమనువు ఉంది. అగ్రకులాల్లో లేదు. కుల స్వచ్ఛత పేరుతో బాల్యవివాహం, గుండు, ఏకాంతం వాళ్ల ఆడవాళ్ల నెత్తిన పడ్డాయి. కులాన్ని నిలబెట్టే గుంజ ఆడదాని శరీరంలో పాతారని ఫూలేలకు అర్థమైంది. కాబట్టి ఆ ఇంటి తలుపు ఆ స్త్రీలకు తెరిచి ఉండటం కులంతో వాళ్లు చేసిన పోరాటంలో భాగమే. అదే ఇంటి నీళ్ల తొట్టిని 1868లో అంటరానివాళ్లుగా చూడబడ్డ కులాలకు తెరిచారు. పురుడు పోసుకునే బ్రాహ్మణ వితంతువు, నీళ్లు తోడుకునే మహర్ స్త్రీ ఒకే ఇంటి మనుషులయ్యారు.

ఒక ఊళ్లో, ఒక కరువులో

1868 ఆగస్టులో నాయ్‌గావ్ నుంచి ఆమె భర్తకు ఇంకో ఉత్తరం రాశారు. గణేశ్ అనే బ్రాహ్మణ యువకుడు, సారజా అనే మహర్ యువతి ప్రేమించుకున్నారు. ఆమె అప్పటికే గర్భవతి. ఊరి జనం ఇద్దరినీ పట్టుకుని, కొట్టుకుంటూ, చంపడానికి వీధుల్లో తిప్పుతున్నారు. సంగతి తెలిసి సావిత్రిబాయి ఆ గుంపుకు ఎదురెళ్లారు. చంపితే ఇంగ్లీషు చట్టం ఏం చేస్తుందో చెప్పి భయపెట్టారు. ఊరు వదిలి పోవాలన్న షరతుతో గుంపు వెనక్కి తగ్గింది. ఆ ఇద్దరినీ ఆమె పుణెకు, జోతిరావు దగ్గరికి పంపారు. కులాంతర ప్రేమలకు ఇవాళ్టికీ మన రెండు రాష్ట్రాల్లో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. మిర్యాలగూడ ప్రణయ్ హత్యను ఎవరూ మరిచిపోలేదు. ఆ రోజు నాయ్‌గావ్‌లో ఒక్క మనిషి అడ్డం నిలబడటం వల్ల రెండు ప్రాణాలు, కడుపులో ఉన్న మూడోదీ దక్కాయి.

1873 సెప్టెంబరులో సత్యశోధక సమాజం పుట్టింది. ఆ ఏడాది డిసెంబరు 25న పురోహితుడు లేకుండా జరిగిన మొదటి సత్యశోధక పెళ్లి సావిత్రిబాయి స్నేహితురాలి కూతురిది. ఆ ఖర్చు సావిత్రిబాయే పెట్టుకున్నారు.

1876లో దక్కనంతటా కరువు మొదలైంది. మన రాయలసీమ వాళ్లు తరతరాలుగా చెప్పుకునే ధాతు కరువు ఇదే. 1877 ఏప్రిల్‌లో జున్నర్ ప్రాంతంలోని ఓతూర్ నుంచి సావిత్రిబాయి రాసిన ఉత్తరంలో ఆ కరువంతా కనిపిస్తుంది. పశువులు చస్తున్నాయి, జనం ఊళ్లు వదిలి పోతున్నారు, తిండి లేక ఆకులు నములుతున్నారు. వడ్డీ వ్యాపారులు అప్పుడు కూడా పీడిస్తున్నారు. సత్యశోధక కార్యకర్తలు కమిటీలు వేసుకుని సహాయం చేస్తుంటే వాళ్ల మీదే నింద మోపి అరెస్టు చేయించారు. ఆమె వెళ్లి కలెక్టరుతో వాదించారు. కార్యకర్తలు విడుదలయ్యారు.

ఆ ఏడాదే పుణె దగ్గర ధనకవాడీలో కరువు పిల్లల కోసం విక్టోరియా బాలాశ్రమం తెరిచారు. జోతిరావు విరాళాల కోసం విజ్ఞప్తి రాశారు. వంట, వడ్డన, పిల్లల ఆలనా పాలనా సావిత్రిబాయి, సమాజ కార్యకర్తలు చూసుకున్నారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చి ఫూలే ఇంట్లోనే ఉండి చదువుకున్న విద్యార్థులు కొందరు ఆమె గురించి తర్వాత రాసుకున్నారు. చిరిగిన చీరతో వచ్చిన ఆడమనిషికి తన చీర ఇచ్చేసేవారని, ఖర్చెక్కువవుతోందని జోతిరావు మెల్లగా అంటే నవ్వి ఊరుకునేవారని ఆ జ్ఞాపకాలు చెబుతాయి. సేవ గురించి ఆమె వాళ్లకు వేరే పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ ఇంట్లో నాలుగు నెలలు ఉంటే చాలు.

యశ్వంత్

1874లో బాలహత్యా ప్రతిబంధక గృహానికి వచ్చిన ఒక బ్రాహ్మణ వితంతువు మగబిడ్డను కన్నది. ఆ బిడ్డను సావిత్రిబాయి, జోతిరావు దత్తత తీసుకుని యశ్వంత్ అని పేరు పెట్టారు. డాక్టరు చదివించారు. పుట్టుక తెలిసి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాని చోట, 1889లో సమాజ కార్యకర్త జ్ఞానోబా ససానే కూతురు రాధతో పెళ్లి చేశారు. పెళ్లికి ముందే రాధను ఇంటికి తెచ్చి ఉంచుకున్నారు సావిత్రిబాయి. ఆ పిల్లకు చదువు మీద ఆసక్తి పెంచి, ఇద్దరూ ఒకరినొకరు తెలుసుకునే వీలు కల్పించారు.

1890 నవంబరు 28న జోతిరావు కన్నుమూశారు. దత్తపుత్రుడికి అంత్యక్రియల హక్కు లేదని బంధువులు గొడవకు దిగారు. సావిత్రిబాయి ముందుకు వచ్చి నిప్పు కుండ తనే పట్టుకుని శవయాత్రకు ముందు నడిచారు, చితికి నిప్పు పెట్టారు. ఆ తర్వాత సమాజాన్ని నడిపించారు. 1893లో సాస్వడ్‌లో జరిగిన సత్యశోధక సభకు అధ్యక్షత వహించారు.

1897లో పుణెను ప్లేగు పట్టుకుంది. సావిత్రిబాయి కొడుకును పిలిపించి, ఊరికి దూరంగా హడప్సర్ దగ్గర ససానేల పొలంలో వైద్యశాల పెట్టించారు. రోగులను తెచ్చే పనిలో 66 ఏళ్ల వయసులో ఆమే తిరిగారు. ముంఢ్వా మహర్‌వాడలో గాయక్వాడ్ కుటుంబపు పిల్లవాడు పాండురంగ్‌కు ప్లేగు సోకిందని తెలిసి వెళ్లారు. ఆ పిల్లవాడిని వీపు మీద మోసుకుని వైద్యశాలకు తెచ్చారు. అంటరాని కులం, అంటుకునే రోగం, రెండూ ఆమెను ఆపలేదు. పిల్లవాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటుకుంది. 1897 మార్చి 10న చనిపోయారు.

ఆమె ఎవరి పురుడు పోసి, ఎవరిని పెంచి, చదివించారో ఆ బిడ్డే ఆ వైద్యశాలలో డాక్టరు.

మనకు మిగిలిన పని

ఇప్పుడు పుణె యూనివర్సిటీకి ఆమె పేరుంది. మన గురుకులాల గోడల మీద ఆమె బొమ్మ ఉంది. ఆ బొమ్మ కిందే కూర్చున్న పిల్ల పండక్కి ఇంటికెళ్లి తిరిగి రాకపోతే ఎవరు వెళ్లి అడుగుతున్నారు? మిర్చి కోతలకు వెళ్లిందా, పెళ్లి కుదిర్చారా, హాస్టల్లో జ్వరం వచ్చి భయపడి ఆగిపోయిందా? అటెండెన్స్ రిజిస్టర్‌లో ఆబ్సెంట్ అని రాసుకుంటే ఆ జవాబు దొరకదు.

సోషల్ వర్క్ చదివే మన పిల్లలు, టీచర్లు, విద్యార్థి సంఘాల వాళ్లు ఈ జనవరి 3న దండ వేశాక ఒక్క పని చేయవచ్చు. బడి మానేసిన ఒక్క పిల్ల పేరు తీసుకుని, ఆ ఇంటికి వెళ్లి, ఆ తల్లి పక్కన కూర్చుని వినాలి. తర్వాత ఏం చేయాలో ఆ ఇల్లే చెబుతుంది. సావిత్రిబాయికీ అలాగే తెలిసింది.