కాలేయాన్ని లెక్క అడిగిన డాక్టర్

మనం తిన్న ఆహారం కాలేయంలో రక్తంగా మారుతుంది. ఆ రక్తం సిరల గుండా ఒళ్లంతా పారి, అక్కడే ఖర్చయిపోతుంది. మళ్లీ తింటే మళ్లీ కొత్త రక్తం. గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పిన ఈ మాటను యూరప్ వైద్యులు 1400 ఏళ్లు నమ్మారు. అది తప్పని తేల్చింది విలియం హార్వే. రక్తప్రసరణను కనుగొన్నది ఆయనేనని బళ్లో అందరం చదువుకున్నాం. ఎలా కనుగొన్నారో మాత్రం పెద్దగా చెప్పరు. అందులో సగం పని గుణకారాలదే!

హార్వే 1578 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివి, వైద్యం నేర్చుకోవడానికి ఇటలీలోని పడువాకు వెళ్లారు. సిరల లోపల ఉండే చిన్న చిన్న కవాటాల గురించి అక్కడి గురువు ఫాబ్రీషియస్ బోధించేవారు. రక్తం ఒక్కసారిగా కిందికి జారకుండా అవి ఆపుతాయని ఆయన అనుకున్నారు. శిష్యుడికి వేరే అర్థం తోచింది. 1602లో పట్టా పుచ్చుకుని లండన్ చేరిన హార్వే, 1609లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యుడయ్యారు. తర్వాత ఇద్దరు రాజులకూ వైద్యం చేశారు.

ఆయన వేసుకున్న ప్రశ్న చాలా సాదాది. గేలెన్ మాటే నిజమైతే కాలేయం రోజుకు ఎంత రక్తం తయారు చేయాలి? గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఒక్క డ్రామ్, అంటే 4 గ్రాముల లోపే రక్తం బయటికి వస్తుందనుకున్నారు. అరగంటకు వెయ్యిసార్లే కొట్టుకుంటుందనుకున్నారు. రెండూ కావాలనే తగ్గించి వేసిన అంకెలు. అయినా ఆ లెక్కన రోజుకు 180 కిలోలు దాటుతుంది. ఎంత తింటే అంత రక్తం తయారవుతుంది? కాబట్టి ఉన్న రక్తమే తిరిగి తిరిగి గుండెకు వస్తూ ఉండాలి. నిజానికి పెద్దవాళ్ల గుండె ఒక్కసారికి 70 మిల్లీలీటర్ల దాకా పంపుతుంది. తక్కువ అంకె వేసినా వాదన నిలబడిందంటే, అసలు అంకెతో ఇంకెంత బలపడుతుందో చూడండి.

‘ఎంత పారుతోంది’ అన్న ఆ ప్రశ్నే ఇవాళ పిల్లల పొట్ట విషయంలోనూ అడుగుతున్నాం. పేగుల రక్తాన్ని కాలేయానికి చేర్చేది పోర్టల్ సిర. కాలేయానికి అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు దానిదే. కొందరు పిల్లల్లో అది మూసుకుపోతుంది. ప్లీహం ఉబ్బుతుంది, రక్తం పక్కదారులు పడుతుంది, అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లి పిల్లవాడు రక్తం కక్కుకుంటాడు. మూసుకున్న చోటును దాటించి రక్తాన్ని మళ్లీ కాలేయానికి మళ్లించే ఆపరేషన్ ఉంది. దానికి ముందూ వెనకా రక్తం ఎటు, ఎంత పోతోందో తెలిస్తే మేలు. మొదట చేసేది డాప్లర్ స్కానే, అదే సులువు. కానీ పేగుల్లో గాలి అడ్డొస్తే సరిగా కనిపించదు.

ఫోర్‌డీ ఫ్లో ఎమ్మారైకి ఆ అడ్డు లేదు, రేడియేషన్ కూడా ఉండదు. కదిలే రక్తం నుంచి వచ్చే సంకేతం, కదలని కండ నుంచి వచ్చే సంకేతం ఒకేలా ఉండవు. వేగం పెరిగే కొద్దీ ఆ తేడా పెరుగుతుంది. ఆ వేగాన్ని రక్తనాళం వైశాల్యంతో గుణిస్తే నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లో తేలుతుంది. మళ్లీ గుణకారమే! చిక్కల్లా పిల్లలతోనే. రక్తనాళాలు సన్నం, ఊపిరికి పొట్ట కదులుతుంది, ఆ మోతలో కదలకుండా పడుకోరు. చిన్నవాళ్లకు మత్తు ఇవ్వాల్సి రావచ్చు. తిన్నాక పోర్టల్ సిరలో ప్రవాహం పెరుగుతుంది కాబట్టి, ఎప్పటి నుంచి ఏమీ పెట్టకూడదో డాక్టర్ చెప్పిన మాట తల్లిదండ్రులు తప్పక పాటించాలి. ఈ పరీక్ష ఇంకా అన్నిచోట్లా అందుబాటులో లేదు.

హార్వే తన పుస్తకాన్ని 1628లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు వేయించారు. లాటిన్‌లో, 72 పేజీలు. అది వచ్చాక రోగులు ఆయన దగ్గరికి రావడం తగ్గిపోయిందని ఆయన్ను ఎరిగిన జాన్ ఆబ్రీ రాశారు. పారిస్ పండితుడు రియోలాన్ ఎదురు తిరిగితే, 1649లో గానీ హార్వే అచ్చులో జవాబివ్వలేదు. అంతర్యుద్ధం రోజుల్లో ఆయన బసను దోచుకున్నారు, ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు పోయాయి. సొంత పిల్లలు లేరు. 1657 జూన్ 3న పక్షవాతంతో కన్నుమూశారు.

ఆయన లెక్కలో ఒక్క ఖాళీ మిగిలింది. ధమనుల్లోని రక్తం సిరల్లోకి ఏ దారిన చేరుతుందో ఆయన చూడలేకపోయారు. ఆ దారులు ఉత్త కంటికి కనిపించవు మరి. 1661లో ఇటలీలో మాల్పీగీ సూక్ష్మదర్శిని కింద కప్ప ఊపిరితిత్తిని పెట్టి, వెంట్రుకకన్నా సన్నని ఆ నాళాలను చూశారు.