మూడు ఓడ ప్రమాదాలు.. అయినా ఉద్యోగం వదల్లేదు!

ఇంటర్వ్యూ ఉందంటే ఉన్నవాటిలో మంచి డ్రెస్ తీసి ఇస్త్రీ చేసుకుంటాం. వయొలెట్ జెస్సాప్ సరిగ్గా దీనికి రివర్స్. పాత బట్టలు వేసుకుని, మేకప్ జోలికి పోకుండా వెళ్లింది. అప్పట్లో ఓడల్లో స్టీవార్డెస్ ఉద్యోగాలు ఎక్కువగా నడివయసు ఆడవాళ్లకే ఇచ్చేవారు. ఇరవై దాటిన అందమైన అమ్మాయిని తీసుకుంటే లేనిపోని తలనొప్పులొస్తాయని కంపెనీల భయం. పని చేయగలదా లేదా అని చూడాల్సినవాళ్లు ముఖం చూసి వద్దంటున్నారని ఆమెకు అర్థమైంది. అందుకే వీలైనంత సాదాసీదాగా కనిపించింది. 1908లో రాయల్ మెయిల్ కంపెనీ ఓడ ఒరినోకోలో ఉద్యోగం కొట్టింది.

ఒలింపిక్, టైటానిక్, బ్రిటానిక్.. ఈ మూడు ఓడల ప్రమాదాల్లోనూ ఉండి బతికి బయటపడ్డ మనిషిగా ప్రపంచం ఆమెను గుర్తుపెట్టుకుంది. అదృష్టవంతురాలని కొందరు, ఆమె ఎక్కితే ఓడకు మూడిందని కొందరు సరదాగా అంటుంటారు. కానీ అంత జరిగాక కూడా ఆమె మళ్లీ మళ్లీ ఓడ ఎందుకు ఎక్కిందన్నదే అసలు ప్రశ్న.

ఇంటికి పెద్ద కూతురు

వయొలెట్ 1887 అక్టోబరు 2న అర్జెంటీనాలో పుట్టింది. తల్లిదండ్రులు ఐర్లాండ్ నుంచి వలస వెళ్లినవాళ్లు. చిన్నప్పుడే క్షయ సోకింది. బతకదని డాక్టర్లు తేల్చేసినా కోలుకుంది. తర్వాత తండ్రి చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. తల్లి ఓడల్లో స్టీవార్డెస్‌గా పనిచేసి పిల్లల్ని సాకింది. కొన్నాళ్లకు తల్లి ఆరోగ్యమూ దెబ్బతింది. దాంతో వయొలెట్ చదువు ఆపేసి అదే పనికి దరఖాస్తు చేసింది. ప్రపంచం చుట్టిరావాలన్న కల ఏమీ లేదు. జీతం రాకపోతే ఇల్లు గడవదు, అంతే.

పని కూడా గ్లామరస్ ఏం కాదు. పక్కలు సర్దాలి, క్యాబిన్లు శుభ్రం చేయాలి, ట్రేలు మోయాలి, కడుపులో తిప్పి వాంతులు చేసుకునే ప్రయాణికుల్ని చూసుకోవాలి.

మొదటి దెబ్బ, రెండో దెబ్బ

1911లో ఆమె వైట్ స్టార్ కంపెనీవారి ఒలింపిక్‌లో పనిచేస్తోంది. అప్పటికి ప్రపంచంలో అతిపెద్ద ఓడ అదే. సెప్టెంబరు 20న బ్రిటిష్ యుద్ధనౌక హాక్ దాన్ని గుద్దింది. రెండు గదుల్లోకి నీళ్లొచ్చినా, ఒలింపిక్ మునగకుండా రేవుకు తిరిగొచ్చింది. ఎవరూ చనిపోలేదు.

ఏడు నెలలు తిరక్కుండానే, 1912 ఏప్రిల్ 10న టైటానిక్ ఎక్కింది. ఏప్రిల్ 14 రాత్రి 11.40కి ఓడ మంచుకొండను తాకింది. ఇంగ్లిష్ రాని ప్రయాణికులకు సూచనలు అర్థం కావట్లేదు. పడవల్లోకి ఎక్కడం ప్రమాదం కాదని వాళ్లకు చూపించడానికి స్టీవార్డెస్‌లను ముందు ఎక్కమన్నారు. వయొలెట్ 16వ నంబరు పడవ ఎక్కింది. పడవ దించుతుండగా ఒక ఆఫీసర్ ఒక పసిబిడ్డను ఆమె చేతుల్లో పెట్టాడు. తెల్లారాక కార్పాథియా ఓడ వచ్చి కాపాడేదాకా, గడ్డకట్టే చలిలో బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చుంది. కార్పాథియా మీద ఒకావిడ పరుగున వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా బిడ్డను లాక్కుని వెళ్లిపోయింది. బహుశా తల్లే అయ్యుంటుంది.

ఆ రాత్రి సుమారు 1,500 మంది చనిపోయారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. అప్పటి బ్రిటిష్ నౌకాచట్టం ప్రకారం ఓడ మునిగిన క్షణంతో సిబ్బంది జీతం ఆగిపోతుంది. అంటే అర్ధరాత్రి దాటాక 2.20కి టైటానిక్‌తో పాటు వయొలెట్ జీతం కూడా మునిగిపోయింది. వెంటనే సముద్రం మీదకు వెళ్లకపోతే ఇక ఎప్పటికీ ధైర్యం చాలదనీ ఆమెకు అనిపించింది. అందుకే తిరిగి డ్యూటీ ఎక్కింది.

55 నిమిషాల్లో బ్రిటానిక్

మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక రెడ్ క్రాస్ తరఫున బ్రిటానిక్‌లో చేరింది. టైటానిక్ పాఠాలతో ఈ ఓడకు డబుల్ హల్, ఎక్కువ లైఫ్‌బోట్లు, వాటిని దించే భారీ క్రేన్లు పెట్టారు. అయినా 1916 నవంబరు 21 ఉదయం గ్రీస్‌లోని కియా దీవి దగ్గర మైన్ పేలి 55 నిమిషాల్లోనే మునిగింది. టైటానిక్‌కు రెండు గంటల 40 నిమిషాలు పట్టింది. గాలి కోసం తెరిచి ఉంచిన కిటికీల్లోంచి నీళ్లు లోపలికి రావడం ఒక కారణం. డిజైన్ ఎంత మారినా, వాడకంలో చిన్న అజాగ్రత్త చాలు.

ఓడను తీరానికి చేర్చాలని కెప్టెన్ ఇంజిన్లు నడుపుతున్నాడు. తిరుగుతున్న ప్రొపెల్లర్ వైపు వయొలెట్ ఉన్న పడవ లాక్కుపోయింది. ఆమె నీళ్లలోకి దూకేసింది. ఓడ అడుగుభాగం తలకు బలంగా తగిలింది. తలనొప్పులు తగ్గక చాలా ఏళ్ల తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తే, అప్పుడే పుర్రె చిట్లిందని తేలింది. వెయ్యిమందికి పైగా ఉన్న ఓడలో 30 మంది చనిపోయారు.

అంత గందరగోళంలోనూ ఆమె ఒక వస్తువు మర్చిపోలేదు.. టూత్‌బ్రష్! టైటానిక్ తర్వాత అది లేక పడ్డ ఇబ్బంది చూసి, ఈసారి ప్రమాదంలో ఇరుక్కుంటే ముందు బ్రష్ చూసుకోమని తమ్ముడు ఆటపట్టించేవాడు.

42 ఏళ్ల సర్వీసు

1920లో మళ్లీ ఒలింపిక్ ఎక్కింది. తర్వాత ఇతర కంపెనీల ఓడల్లోనూ చేసి, 1950లో రిటైరైంది. సఫోక్‌లోని పల్లెలో తోట, కోళ్లు చూసుకుంటూ గడిపి 1971లో, 83 ఏళ్లకు కన్నుమూసింది. ఒలింపిక్‌ను 1930ల్లోనే విడగొట్టి అమ్మేశారు. దాని చెక్కపనులు ఆల్నిక్‌లోని వైట్ స్వాన్ హోటల్లో ఇంకా ఉన్నాయి. బ్రిటానిక్ శిథిలాలు 1975లో, టైటానిక్‌వి 1985లో దొరికాయి. ఆ రెండు వార్తలూ ఆమె వినలేదు. 1930ల్లో రాసుకున్న జ్ఞాపకాలు కూడా 1997లో గానీ పుస్తకంగా రాలేదు.

ప్యాషన్ ఉన్న పనే చేయమని మనకు రోజూ ఎవరో ఒకరు చెప్తుంటారు. ఇంట్లో పరిస్థితి బాగోలేక దొరికిన జాబ్‌లో చేరేవాళ్లకు ఆ మాట వింటే కాస్త చిన్నతనంగా ఉంటుంది. వయొలెట్ ఇంటి కోసమే ఓడ ఎక్కింది. ఆ పనినే 42 ఏళ్లు శ్రద్ధగా చేసింది. అవసరం కోసం చేరిన ఉద్యోగం తక్కువదేం కాదు. కాకపోతే సంతకం పెట్టేముందు, ఓడ మునిగితే జీతం సంగతేంటో ఆఫర్ లెటర్‌లో ఒకసారి చదువుకోండి.