చీనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని పూర్వులు అనెడివారు. రైలుబండ్లు లేని ఆ దినములలో ఇల్లు విడిచి కదలినవాడు తిరిగివచ్చునను నమ్మకము ఇంటివారికి ఉండెడిది కాదు. తన వేషభాషలు తెలిసిన జనుల నడుమ సాగు యాత్రయే అట్టిదైనపుడు, ఎఱుగని దేశమునకు, తోడు లేక, రాజాజ్ఞను కాదని బయలుదేరినవాని మాట వేరుగా చెప్పవలయునా?

అట్లు వచ్చినవాడు చీనా దేశపు బౌద్ధభిక్షువు హ్యుయన్‌త్సాంగ్. బుద్ధుని శ్రీమహావిష్ణువు దశావతారములలో ఒకనిగా గణించు సంప్రదాయము మనకు కలదు గనుక, బుద్ధుడు నడచిన నేలను సేవింపవచ్చిన ఈ మహనీయుని చరిత్ర వైష్ణవ గృహములకు పరాయిది కాదు.

ఆయన క్రీ.శ. 602 ప్రాంతమున పండిత వంశమున జన్మించెను. బాల్యముననే అన్నగారి వెంట మఠము చేరి శాస్త్రములు చదివెను. కాని ఒక్కొక్క గురువు ఒక్కొక్క తీరున అర్థము చెప్పుచుండెను. అనువాదములు ఒకదానితో ఒకటి పొసగకుండెను. మూలము చూడనిదే సంశయము తీరదని నిశ్చయించి, యోగాచార శాస్త్రమును సంస్కృతముననే చదువుటకై భరతఖండమునకు పోవ సంకల్పించెను. ఆ కాలమున చీనా ప్రజలు సరిహద్దు దాటుట నిషిద్ధము. అనుమతి కోరగా లభింపలేదు. 629 ప్రాంతమున రహస్యముగా బయలుదేరెను.

పగలు దాగుచు రాత్రులు నడచెను. ఆయనను నిర్బంధింపవలసినదను ఆజ్ఞాపత్రము చేతికి వచ్చిన ఒక అధికారి, ఆయన ఎదుటనే దానిని చింపివైచి, త్వరపడి పొమ్మనెను. దారి చూపుటకు కుదిరినవాడు నడిరాత్రి కత్తి దూసి దగ్గరకు వచ్చి, ఏమి తోచెనో వెనుదిరిగి, పిమ్మట విడిచి పోయెను. మిగిలినది ఒక ముసలి గుఱ్ఱము. ఆ ఎడారిని అది పలుమార్లు దాటినదని చెప్పి ఒక వృద్ధుడు దానిని ఇచ్చి, ఆయన గుఱ్ఱమును పుచ్చుకొనియుండెను. చూచినవారు ఆ బక్క గుఱ్ఱమును నమ్ముదురా?

ఎడారిలో నీళ్లతిత్తి చేజారి నీరంతయు ఇసుకపాలయ్యెను. ఆయన కొంతదూరము వెనుకకు మరలెను. అంతలో తాను చేసిన ప్రతిజ్ఞ స్మరణకు వచ్చెను: బుద్ధభూమిని చేరనిదే తూర్పునకు ఒక్క అడుగైనను వేయనని. గుఱ్ఱమును మరల పడమటికి త్రిప్పెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు గొంతు తడియలేదు. అవలోకితేశ్వరుని ధ్యానించుచు ఇసుకలో పడియుండగా అయిదవ రాత్రి చల్లనిగాలి వీచెను. లేచి కదలిన కొంతసేపటికి ఆ ముసలి గుఱ్ఱము పగ్గమునకు లొంగక వేరొక దారి పట్టెను. అచట పచ్చికయు, ఒక మడుగును కానవచ్చినవి.

తుర్ఫాన్ రాజు ఆయనను గౌరవించి, తన రాజ్యముననే ఉండిపొమ్మని పట్టుపట్టెను. ప్రేమయే అయినను నిర్బంధము నిర్బంధమే. భిక్షువు మూడు దినములు అన్నోదకములు ముట్టక కూర్చుండెను. నాల్గవనాటికి రాజు భయపడి దిగివచ్చెను. ఇరువురును అన్నదమ్ములుగా ప్రమాణము చేసికొనిరి. తిరుగుప్రయాణమున మూడు సంవత్సరములు అచట నిలిచెదనని ఆయన మాట ఇచ్చెను. రాజు దారి పొడుగునగల 24 రాజ్యముల ప్రభువులకు లేఖలు వ్రాసి, గుఱ్ఱములను, పరిజనమును, ధనమును ఇచ్చి సాగనంపెను. మంచుకొండలు దాటునప్పటికి పరివారములో పదింట మూడు నాలుగు వంతులు చలికిని ఆకలికిని బలియైరి.

గాంధారమున పాణిని జన్మస్థానమైన శలాతురమును గూర్చియు, అచట నిలిచియున్న పాణిని విగ్రహమును గూర్చియు ఆయన తన గ్రంథమున వ్రాసెను. మన వైయాకరణులు మఱచిన ఊరిని ఒక చీనా దేశీయుడు గుర్తుంచుకొనెను! కాశ్మీరమున రెండేండ్లు నిలిచి శబ్దవిద్యను, హేతువిద్యను అభ్యసించెను. శిష్యుడు హుయిలీ రచించిన జీవితచరిత్రలో సుబంత తిఙంతములు, పరస్మైపద ఆత్మనేపదములు, భూధాతువు రూపములు వివరింపబడియున్నవి. విభక్తి ప్రత్యయములు లేని భాషను మాతృభాషగా కలవారికి ఇది యెంతటి శ్రమయో పాఠశాలలో రూపములు వల్లించినవారు ఊహింపగలరు. లేఖలు రాజద్వారమువఱకే పనికివచ్చును. ఆపైన ఈ దేశమున ఆయనకు దారి తెరచినది సంస్కృతమే.

నలందలో వయోవృద్ధుడైన శీలభద్రాచార్యుని పాదములకడ యోగాచార శాస్త్రమును వినెను. అచట ఆయనకు నిత్యము మహాశాలి బియ్యము, పోకలు, జాజికాయలు, కర్పూరము అందుచుండెను. బౌద్ధశాస్త్రములతోపాటు బ్రాహ్మణ గ్రంథములను, వ్యాకరణమును కూడ చదివెను.

పిమ్మట సింహళమునకు పోవ తలచి తామ్రలిప్తి రేవు చేరెను. దక్షిణాది భిక్షువొకడు సముద్రయానము ప్రమాదకరమనియు, నేలదారిన దక్షిణమునకు పోయి అచట ఓడ ఎక్కుట మేలనియు చెప్పెను. ఆ సలహావలననే ఆయన పాదములు తెలుగునేలను తాకినవి. 639 ప్రాంతమున ఓడ్ర కళింగములు దాటి వేంగికి వచ్చెను. ఇచటి భాష మధ్యదేశపు భాషకంటె వేఱనియు, లిపి మాత్రము దాదాపు ఒకటేననియు వ్రాసెను. కృష్ణాతీరమున ధాన్యకటకమునందు కొన్ని మాసములు నిలిచి, ఇరువురు భిక్షువులవద్ద మహాసాంఘికుల అభిధర్మమును చదివి, వారికి మహాయానమును బోధించెను. అచటి విహారములు పెక్కు అప్పటికే పాడుపడియుండెను. కంచిలో సింహళ భిక్షువులు ఎదురై, తమ రాజు మరణించెననియు, దేశమున క్షామము వచ్చెననియు చెప్పిరి. శీలభద్రునివద్ద విన్నదానికి మించి వారు చెప్పజాలకపోగా, ఓడ ఎక్కక మరలెను.

643లో హర్షచక్రవర్తి కన్యాకుబ్జమున మహాసభ చేసి ఆయనను సత్కరించెను. స్వదేశమునకు పోవుటకు సముద్రమార్గము కోరినచో తోడు మనుషుల నిచ్చెదననెను. సుఖమైన దారియే. కాని తుర్ఫాన్ రాజునకు ఇచ్చిన మాట కలదు. ఆ మాటకొఱకు ఆయన మరల మంచుకొండల దారినే కోరెను. సింధునది దాటునపుడు పడవ ఊగి 50 తాళపత్ర గ్రంథములును, పూలవిత్తనములును నీటిపాలైనవి. పోయిన కొన్నిటికి ప్రతులు వ్రాయించుటకై 50 దినములకు పైగా నిలువవలసివచ్చెను. పర్వతములకు ఆవల దొంగల అలజడిలో, హర్షుడిచ్చిన ఏనుగు నీట మునిగి చనిపోయెను.

ఆయన ఆ ప్రాంతములు చేరునప్పటికి తుర్ఫాన్ రాజు లేడు. 640లో చీనా సేనలే ఆ రాజ్యమును ఆక్రమించియుండెను. మాట చెల్లించుకొనుటకు వచ్చినవానికి పుచ్చుకొనువాడే లేకపోయెను. ఖోతాన్ నుండి తన అపరాధమును ఒప్పుకొనుచు చక్రవర్తికి విన్నపము పంపి, మాసములతరబడి వేచియుండి, అనుగ్రహము లభించిన పిమ్మట 645లో రాజధాని చేరెను. వెంట తెచ్చినవి 657 గ్రంథములు, 520 కట్టలు.

తదుపరి 19 సంవత్సరములు అనువాదమే ఆయన తపస్సు. 75 గ్రంథములను చీనాభాషలోనికి తెచ్చెను. వాటిలో వైశేషిక దర్శనమునకు చెందిన దశపదార్థశాస్త్రము ఒకటి; సంస్కృతమూలము నశించి, ఆయన అనువాదమున మాత్రమే అది నిలిచియున్నది.

కొన్నియేండ్లకు బుద్ధగయనుండి పాత మిత్రుల లేఖ వచ్చెను. శీలభద్రాచార్యుడు అప్పటికే పరమపదించియుండెను. 654లో ఆయన ప్రత్యుత్తరము వ్రాసి, గురువు మరణమునకు దుఃఖించి, సింధునదిలో పోయిన గ్రంథముల పట్టికను జతచేసి, వీలైనచో ఎవరైన వచ్చువారిద్వారా ప్రతులు పంపుమని కోరెను. 664లో కన్నుమూయుటకు కొన్ని మాసముల ముందువఱకు ఆయన గంటము ఆగలేదు.