అణువుల ఆకృతిని చదివిన ఆచార్యుడు

కంటికి కనిపించని అణువు ఏ ఆకృతిలో ఉన్నదో తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్నకు గణితం సాయంతో సమాధానం వెదకిన ఆంధ్ర శాస్త్రవేత్త సూరి భగవంతం. ఆయన 1909 అక్టోబరు 14న నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి, 1928లో పట్టభద్రులయ్యారు.

ఆ సంవత్సరమే కలకత్తాలో సి.వి.రామన్ తన పేరిట ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుగొన్నారు. పదార్థంపై పడిన కాంతిలో కొంత రంగు మారి చెదురుతుంది. ఆ మార్పు అణువుల కంపనాలను తెలుపుతుంది. యువకుడైన భగవంతం కలకత్తా చేరి రామన్‌కు శిష్యులయ్యారు. కాంతికణానికి స్పిన్ ఉన్నదని సూచించే ప్రయోగాలను గురుశిష్యులు 1931లో ప్రకటించారు.

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులుగా చేరారు. గురువు ప్రయోగశాలను వీడి, అప్పుడే రూపుదిద్దుకొంటున్న భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దే బాధ్యతను స్వీకరించారు. ప్రయోగాలకు తోడుగా సమూహ సిద్ధాంతమనే గణితశాఖను ఆయన సాధనంగా చేసుకొన్నారు. అణువు సౌష్ఠవం తెలిస్తే, దాని కంపనాలలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో ఈ గణితం ముందుగానే చెబుతుంది. నీటి అణువు వంపు తిరిగినది. కనుక దాని మూడు కంపనాలూ కనిపించగలవు. బొగ్గుపులుసు వాయువు అణువు సరళరేఖ వంటిది. నియమం ప్రకారం దానిలో ఒక్క రకపు కంపనమే కనిపిస్తుంది. వర్ణపటాన్ని లెక్కతో పోల్చి ఆకృతిని నిర్ణయించవచ్చు. ఈ పద్ధతిని ఆయన స్ఫటికాలకు కూడా విస్తరింపజేశారు. టి.వెంకటరాయుడుతో కలిసి రచించిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని విశ్వకళాపరిషత్తు 1948లో ప్రచురించింది.

తరువాత ఆయనను పెద్ద బాధ్యతలు వరించాయి. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా, 1962 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా పనిచేశారు. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా సేవలందించారు. పాలనా వ్యవహారాల నడుమ కూడా తన శాస్త్రాన్ని విడువలేదు. స్ఫటికాల సౌష్ఠవంపై ఆయన గ్రంథం 1966లో వెలువడింది. 1989 ఫిబ్రవరిలో ఆయన కీర్తిశేషులయ్యారు.

ఆకృతిని బట్టి గుణం మారుతుందన్న సత్యం నేడు అణు ఎలక్ట్రానిక్స్ రంగానికి ఆధారం. అందులో రెండు బంగారు మొనల నడుమ ఒక్క అణువును నిలిపి, దాని గుండా విద్యుత్తును పంపుతారు. అణువులోని రెండు వలయాలు ఒకే తలంలో ఉంటే విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది. వాటి మధ్య మెలిక పెరిగిన కొద్దీ తగ్గుతుంది. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని ప్రయోగపూర్వకంగా చూపారు. ఆ సందులోని అణువును గుర్తించడానికి శాస్త్రజ్ఞులు రామన్ వర్ణపటాన్నే ఆశ్రయిస్తున్నారు. వాల్తేరులో భగవంతం అభ్యసించిన విద్య ఈనాటి సూక్ష్మ పరికరాలకూ దారి చూపుతున్నది.