గర్భనిరోధక మాత్రకు బాట వేసిన మార్గరెట్ సాంగర్

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో గాజు పరిశ్రమకు పేరొందిన కార్నింగ్ పట్టణంలో, 1879 సెప్టెంబరు 14న, ఒక నిరుపేద ఐరిష్ కుటుంబంలో మార్గరెట్ హిగిన్స్ జన్మించారు. ఆమె తల్లి పద్దెనిమిది పర్యాయాలు గర్భం ధరించి, పదకొండుమంది బిడ్డలను కని, 1899లో క్షయవ్యాధితో కన్నుమూశారు. అప్పటికి మార్గరెట్ వయస్సు పందొమ్మిదేళ్ళు. ఎడతెగని కాన్పులే తల్లిని క్రుంగదీశాయన్న వేదన ఆమెను జీవితాంతం వెన్నాడింది.

నర్సు శిక్షణ పొంది, విలియం సాంగర్‌ను వివాహమాడిన పిమ్మట ఆమె న్యూయార్క్ నగరంలోని పేదవాడలలో సేవ చేశారు. అవాంఛిత గర్భాలను, నాటు పద్ధతుల గర్భస్రావాలతో తల్లులు మరణించడాన్ని కళ్ళారా చూశారు. గర్భనిరోధక విషయాలను తపాలాలో పంపడం సైతం 1873 నాటి చట్టం ప్రకారం నేరమైన కాలమది. 1916 అక్టోబరు 16న సోదరి ఎథెల్ బర్న్‌తో కలిసి బ్రూక్లిన్‌లో అమెరికాలోనే తొలి గర్భనిరోధక కేంద్రాన్ని తెరిచారు. కొద్దిరోజులకే పోలీసులు దానిని మూయించారు. 1917లో ఆమె ముప్పై రోజులు కారాగారవాసం అనుభవించారు.

1935 డిసెంబరులో వార్ధా వచ్చి గాంధీజీని కలిశారు. సంతాన నియంత్రణకు ఆత్మనిగ్రహమే మార్గమన్న ఆయనతో ఆమెకు ఏకాభిప్రాయం కుదరలేదు. 1952లో బొంబాయిలో జరిగిన అంతర్జాతీయ కుటుంబ నియంత్రణ మహాసభలోనూ పాల్గొన్నారు.

స్త్రీ తనంతట తాను వాడుకోగల మాత్ర కావాలన్నది ఆమె చిరకాల వాంఛ. 1950ల ఆరంభంలో గ్రెగరీ పింకస్ అను శాస్త్రవేత్తను ఆ పనికి ప్రోత్సహించారు; కాథరిన్ మెక్‌కార్మిక్ ధనసహాయం చేశారు. 1956లో ప్యూర్టోరికోలో పరీక్షలు జరిగాయి. 1960లో ఎనోవిడ్ మాత్రను గర్భనిరోధానికి వాడేందుకు అమెరికా ప్రభుత్వం అనుమతించింది. 1966 సెప్టెంబరు 6న సాంగర్ మరణించారు.

ఆమె జీవితంలో మచ్చలు లేకపోలేదు. మేలుజాతి సంతానమనే వాదాన్ని ఆమె సమర్థించారు. ప్యూర్టోరికో స్త్రీలకు తమపై జరుగుతున్నది ప్రయోగమని చెప్పనే లేదు. వీటిని దాచడం చరిత్రకు న్యాయం కాదు.

సరైన సమాచారం స్త్రీకి అందాలన్నదే సాంగర్ పోరాటం. మాత్ర విషయంలో అది నేటికీ అవసరమే. ఏడాదిపాటు ఏ పొరపాటూ లేకుండా వాడితే నూరుమందిలో ఒక్కరికైనా గర్భం రావడం అరుదు. సాధారణ వాడుకలో మాత్రం సుమారు ఏడుగురికి వస్తున్నది. మరచిపోవడం, ఆలస్యంగా కొత్త చీటీ మొదలుపెట్టడం ఇందుకు ముఖ్య కారణాలు. మాత్ర వేసుకున్న కొద్దిసేపటికే వాంతి అయినా, తీవ్ర విరేచనాలున్నా మందు వంటబట్టదు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. తల్లిని క్షయ బలిగొన్న సాంగర్ కథ చదివే మనం దీనిని మరువరాదు. అట్టివారు వైద్యునికి ముందే చెప్పాలి.

ఒక మాత్ర మరచితే జ్ఞాపకం రాగానే వేసుకోవాలి. వరుసగా రెండో, అంతకు మించో మరచితే, మాత్రలు కొనసాగిస్తూ ఏడు రోజులు నిరోధ్ కూడ వాడాలి. నెలసరి తప్పితే పరీక్ష చేయించుకోవాలి. తెలియక గర్భిణిగా కొన్ని మాత్రలు మింగినా బిడ్డకు హాని కలుగుతుందనడానికి ఆధారాలు లేవు. కనుక భయపడక వైద్యురాలిని సంప్రదించాలి.