రాజీవ్ గాంధీయు లంకాసంధియు

హైదరాబాదునుండి శంషాబాదునకు బోవు ప్రయాణికుడు మెహిదీపట్నముకడ పి. వి. నరసింహారావుగారి పేర వెలసిన 11.6 కిలోమీటర్ల వంతెనబాట నెక్కి, ఆరాంఘరువద్ద దిగి, రాజీవ్ గాంధీ పేరు దాల్చిన విమానాశ్రయమును జేరును. విమానాశ్రయము 2008 మార్చిలోను, వంతెనబాట 2009 అక్టోబరులోను తెఱవబడినవి. ఈ రెండు పేర్లును ఒక పొరుగుదేశపు అంతర్యుద్ధముతో ముడివడినవని తలచువారు అరుదు. ఆ విమానాశ్రయపు స్వదేశీయ విభాగమునకు ఎవరి పేరుండవలెనను వివాదము 2014 లో తెలంగాణ శాసనసభవఱకును బోయినది. పేరును గూర్చి వాదించుటకంటె ఆ పేరుగల పురుషు డేమి చేసెనో, ఏమి చేయలేకపోయెనో తెలిసికొనుట మేలని మా యభిప్రాయము.

రాజీవ్ 1944 ఆగస్టు 20 న బొంబాయిలో జనించెను. కేంబ్రిడ్జిలో చదివి, పట్టము పొందకయే తిరిగివచ్చి, ఇండియన్ ఎయిర్‌లైన్సులో విమానచోదకుడుగా కొలువు చేసెను. నాయకుల పేర్లు విమానాశ్రయములకు బెట్టుట మనదేశమున వాడుకయే. కాని విమానము నడపి జీతము పుచ్చుకొన్న ప్రధానమంత్రి ఈయన యొక్కడే. 1980 లో తమ్ముడు సంజయ్ మరణింపగా రాజకీయములలో దిగెను. 1984 అక్టోబరు 31 న తల్లి ఇందిర హత్యకు గుఱికాగా, ఆనాడే ప్రధానియయ్యెను.

లంకా సమస్య ఆయనకు తల్లినుండి సంక్రమించినది. 1983 జూలైలో జాఫ్నాకడ 13 మంది సైనికులు చంపబడగా, కొలంబోలో తమిళులపై ఘోరమైన మారణకాండ చెలరేగెను. ఇందిరాగాంధీ విదేశాంగమంత్రిగా నున్న నరసింహారావుగారిని వెంటనే కొలంబోకు బంపెను. తరువాత జి. పార్థసారథి రాయబారము నడపెను. అయితే ఒక వంక మధ్యవర్తిత్వము జరుగుచుండగనే, మఱియొక వంక మన నేలమీదనే తమిళ సాయుధులకు ఆశ్రయమును, శిక్షణమును లభించుచుండెను. ఈ సంగతి దాచిన చరిత్ర చరిత్ర గాదు. 1985 లో రాజీవ్ ప్రోద్బలమున భూటాను రాజధానియగు థింపూలో ఉభయపక్షములును కూర్చుండినవి. తమిళులు తమ్మొక జాతిగా గుర్తింపుమనిరి, లంకాప్రభుత్వము కాదనెను. సమావేశము విఫలమయ్యెను.

1987 లో లంకాసైన్యము జాఫ్నా ద్వీపకల్పమును ముట్టడించెను. జూన్ 3 న మనము ఆహారముతో బంపిన పడవలను లంకా నౌకాదళము త్రిప్పివేసెను. మఱునాడు అయిదు సరకు విమానములు, యుద్ధవిమానముల రక్షణలో, జాఫ్నాపై ఆహారపు మూటలను జారవిడిచినవి. పొరుగువాని యాకాశమున ననుమతిలేక ప్రవేశించుట ధర్మమా యని యడిగినవారు గలరు. ఆ ప్రశ్న తేలికగా ద్రోసివేయదగినది కాదు. జూలై 29 న కొలంబోలో అధ్యక్షుడు జయవర్ధనేతో రాజీవ్ సంధిపత్రముపై సంతకము చేసెను. ఉత్తర, తూర్పు ప్రాంతములు తాత్కాలికముగా ఒక్కటి కావలెను. సాయుధులు ఆయుధముల నప్పగింపవలెను. తమిళమును అధికారభాష కావలెను. మఱునాడు గౌరవవందనము స్వీకరించుచుండగా లంకా నావికు డొకడు తుపాకిమడమతో ఆయనను గొట్టెను. ఆయన తల వంచుటచే బ్రదికెను.

ఆ దెబ్బకంటె పెద్ద లోపము ఆ పత్రములోనే యుండెను. అది రెండు ప్రభుత్వముల సంధి. పోరుచున్న పులుల సంతకము దానిపై లేదు. ప్రభాకరను సంధికి ముందు ఢిల్లీకి రప్పించి నచ్చజెప్పజూచిరి. అతడు మనసార నంగీకరింపలేదు. అక్టోబరునాటికి శాంతిరక్షణకు బోయిన మన సైన్యమే పులులతో యుద్ధమునకు దిగవలసివచ్చెను. సుమారు 1,200 మంది భారత సైనికులు మడిసిరి. కావలి కాయబోయినవాడు కయ్యములో కక్షిదారుడాయెను. లంకలో సింహళులును, తమిళులును గూడ మనలను ద్వేషించిరి. 1989 లో అధ్యక్షుడు ప్రేమదాస మన సైన్యమును పొమ్మనెను. రాజీవ్ ఆ సంవత్సరమే ఎన్నికలలో నోడెను. 1990 మార్చి 24 న కడపటి దళములు తరలివచ్చెను. రాజీవ్ ఉద్దేశమును మేము శంకింపము. తొందరను మాత్రము మెచ్చజాలము.

1991 అక్టోబరులో పారిస్ నగరమున కంబోడియా సంధి జరిగినపుడు ఆ దేశమున బోరాడుచున్న నాలుగు పక్షములును సంతకము చేసినవి, భారతదేశమును చేసినది. అపుడు ప్రధాని నరసింహారావుగారే. ఖ్మేర్ రూజ్ పక్షము తరువాత మాట తప్పెను గాని, 1993 లో ఎన్నికలు జరిగినవి.

ఆ సంధిని జూచుటకు రాజీవ్ లేడు. 1991 మే 21 సాయంకాలము ఎన్నికల ప్రచారము ముగించుకొని విశాఖపట్టణమునుండి మద్రాసునకు బయలుదేరబోగా, విమానములో లోప మేర్పడి ఆలస్యమయ్యెను. దానిని సవరించిన పిమ్మట ప్రయాణము సాగినది. ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో పులులు పంపిన స్త్రీ ప్రేల్చిన బాంబుకు ఆయన బలియయ్యెను. యుద్ధము మఱి పదునెనిమిదేండ్లు సాగి 2009 మే నెలలో ముగిసినది. సంధి ననుసరించి లంక తన రాజ్యాంగమునకు 1987 నవంబరులో చేసికొన్న పదుమూడవ సవరణ మాత్రము నిలిచినది. దాని క్రింద 2013 సెప్టెంబరులో ఉత్తరప్రాంతపు తమిళులు తమ మండలికి మొదటిసారి ప్రత్యేకముగా ఓట్లు వేసిరి.