ఆచార్య జగదీశ చంద్ర బోసు

తీగ లేకుండ మాట వినిపించుట నేడు మనకు వింత కాదు. ఆ విద్యకు తొలి బాట వేసిన మహనీయులలో ఒకరగు ఆచార్య జగదీశ చంద్ర బోసును ఇచ్చట స్మరించుకొనుచున్నాము.

ఆయన 1858 నవంబరు 30న తూర్పు బెంగాలులో జన్మించారు. తండ్రి ప్రభుత్వోద్యోగి అయినను కుమారుని మొదట మాతృభాషా పాఠశాలకే పంపినారు. అచ్చట ఆయనకు ఒక ప్రక్క ముస్లిం బంట్రోతు కుమారుడు, మరియొక ప్రక్క జాలరి కుమారుడు కూర్చుండెడివారు.

కేంబ్రిడ్జిలో చదివి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైనారు. తెల్లవారికన్న తక్కువ జీతము నిర్ణయింపగా, మూడేండ్లు జీతము ముట్టక పాఠములు చెప్పినారు. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి పూర్తి బకాయి చెల్లించినది.

తగిన ప్రయోగశాల లేకున్నను, చిన్న గదిలో, ఒక రేకుపనివాని సాయముతో, పరికరములను తామే నిర్మించుకొన్నారు. కొన్ని మిల్లీమీటర్ల పొడవు గల విద్యుత్తరంగములను పుట్టించు భాగము, వానిని నడపు గొట్టము, పట్టుకొను గ్రాహకము వేర్వేరుగా నుండెడివి. నడుమ పట్టకమునో, మెలిపెట్టిన జనపనారనో, పుటల మధ్య రేకులుంచిన పుస్తకమునో మార్చి మార్చి పరీక్షించెడివారు. 1895లో కలకత్తాలో గోడల నుండి తరంగములను పంపి గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చినారు. 1897లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆ పరికరములను దాపరికము లేక ప్రదర్శించారు.

విజ్ఞానమును సొంత ఆస్తి చేసికొనుట ఆయనకు సమ్మతము కాదు. మిత్రుల ఒత్తిడిపై 1904లో గ్రాహకమునకు అమెరికా పేటెంటు లభించినను, దానితో ధనము గడింపలేదు. ఇందువలన నష్టము లేకపోలేదు: నిస్తంత్రీ వార్తల వ్యాపారమును, 1909 నోబెల్ బహుమతిలో భాగమును మార్కోనీ పొందినారు. అయినను 1917లో తాము స్థాపించిన బోసు సంస్థలోని పరిశోధనలకు పేటెంట్లు తీసికొనరాదని నియమించినారు. 1937 నవంబరు 23న గిరిడిలో కన్నుమూసినారు.

ఆయన ఆడించిన మిల్లీమీటరు తరంగములే 5జి ఫోనులలో కొన్నింటికి ఆధారమైనవి. 2022లో మన దేశమున ప్రారంభమైన 5జి పరీక్షావేదికను 8 సంస్థలు కలసి నిర్మించినవి, హైదరాబాదు ఐ.ఐ.టి. అందులో ఒకటి. పరిశోధకులును, క్రొత్త సంస్థలును తమ పరికరములను తెచ్చి పరీక్షించుకొనుటకే అది ఏర్పడినది. తలుపు తెరచి యుంచిన ప్రయోగశాలయే విద్యకు నిలయమని ఆ మహనీయుని జీవితము బోధించుచున్నది.

కావున పెద్దలకు మా మనవి ఒక్కటే: ప్రయోగశాలలోని పరికరములు బీరువాలలో మెరయుటకన్న, విద్యార్థుల చేతులలో అరుగుటయే మేలు. పాడైనచో బాగుచేయుట కూడ చదువే కదా!